పక్కనున్న ఖాళీ ఇల్లు పాడుబడుతుంటే, కూల్చమనే ముందు

పక్కిల్లు ఏళ్లుగా తాళం వేసి ఉందని, గోడలు బీటలిస్తున్నాయని, ఫిర్యాదు చేసినా ఫలితం లేదని రాశారు. కూల్చివేతకే పట్టుబట్టాలా అని అడిగారు. నా మాట వింటే, ముందు ఆ ఇల్లు ఇప్పుడు ఎవరిదో తేల్చుకోండి.

మా పక్కింటి విషయంలో చిక్కంతా అక్కడే పడింది. పన్ను రికార్డులో ఉన్న పెద్దాయన ఎప్పుడో పోయారు. నోటీసులు మాత్రం ఆయన పేరునే వచ్చేవి, ఆ తాళం వేసిన గేటుకే అంటించి వెళ్లేవారు. పిల్లలు తలా ఒక ఊళ్లో ఉన్నారు, వాటాలు తేలలేదు. రిపేరు చేయిస్తే ఖర్చంతా తన నెత్తినే పడుతుందని ఒక్కరూ ముందుకు రాలేదు.

జపాన్‌లోనూ ఇదే బాధ. 2023 సర్వేలో అక్కడ దాదాపు 90 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయని తేలింది. ఇల్లున్న స్థలానికి పన్ను రాయితీ ఉండడంతో, పాడైపోయినా కూల్చకుండా వదిలేసేవారు. ప్రమాదకరంగా మారిన ఇళ్లకు ఆ రాయితీ తీసేసే వీలు 2015లో వచ్చింది. వారసత్వంగా వచ్చిన ఆస్తిని మూడేళ్లలోగా తమ పేరున నమోదు చేసుకోవాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. నా దృష్టిలో ఈ రెండోదే ముఖ్యం. నోటీసు ఎవరికి ఇవ్వాలో తెలియనప్పుడు ఎంత గట్టి చట్టమైనా కాగితం మీదే ఉంటుంది.

మేం వీధిలో పాతవాళ్లను అడిగి వారసుల ఫోన్ నంబర్లు సంపాదించాం. అందరికీ ఒకే ఉత్తరం, ఫొటోలతో సహా పంపాం. ఇలాంటప్పుడు వాళ్లకుండే భయం ఒకటే: పక్కవాళ్లు ఇల్లు ఆక్రమిస్తారనో, చౌకగా కొట్టేయాలని చూస్తున్నారనో. అందుకే ఆ ఇంటి మీద మాకే హక్కూ లేదని, కోరబోమని రాసి సంతకాలు పెట్టాం. అమ్మమనలేదు, బాగు చేయించమనీ అనలేదు. డాబా మీది చెత్త తీయడానికి మాత్రం అనుమతి అడిగాం. అది ఒప్పుకోవడం వాళ్లకు తేలికైంది. మీరూ రాతలో అనుమతి లేకుండా లోపల అడుగు పెట్టకండి.

డాబాయే ఎందుకంటే, ఖాళీ ఇంటిని తినేసేది నీళ్లే. ఆకులు పేరుకుని వాన గొట్టం పూడుకుపోతుంది, నీరు నిలిచి స్లాబులోకి దిగుతుంది, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. పెచ్చులు ఊడడం అలా మొదలవుతుంది. ఉమ్మడి గోడ ఉంటే ఆ చెమ్మ మీ ఇంట్లోకీ వస్తుంది. పిట్టగోడ పగుళ్లలో మొలిచిన మొక్కల్ని పైపైన నరికితే వేరు ఇంకా లావెక్కుతుంది, వేరుతో సహా తీయించాలి. నీళ్ల ట్యాంకులు ఖాళీ చేసి మూతలు బిగించాలి, లేకపోతే వీధంతటికీ దోమలు. కరెంటు కనెక్షన్ తీయించమని వారసుల్నే అడగండి.

కిటికీలకు చెక్కలు కొట్టించడం నాకు నచ్చదు. చూడగానే దిక్కులేని ఇల్లని తెలిసిపోతుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 2011 నుంచి, జనం నివసించే వీధుల్లోని ఖాళీ ఇళ్లకు పనిచేసే తలుపులు, కిటికీలు ఉండాలన్న నిబంధనను గట్టిగా అమలు చేశారు. ఆ పని జరిగిన ఇళ్ల చుట్టుపక్కల తుపాకీ దాడులు తగ్గాయని తర్వాతి అధ్యయనంలో కనిపించింది.

స్లాబు కిందికి వంగినా, గోడ వాలినా, పగులు రోజురోజుకీ వెడల్పవుతున్నా మాత్రం ఈ ఓపికంతా పక్కన పెట్టండి. స్ట్రక్చరల్ ఇంజనీరు చేత నివేదిక రాయించి, దాన్ని జతచేసి అర్జీ పెట్టండి. ఉత్త ఫిర్యాదు కన్నా దానికి బరువు ఎక్కువ. కూల్చాక ఆ స్థలం చెత్తకుప్ప కాకుండా ఎవరు చూస్తారో కూడా అదే అర్జీలో అడగండి.