తోడి గాంధారం, మాండొలిన్ శ్రీనివాస్

ఇష్టమైన సంగీతకారుడు లేదా బ్యాండ్ ఎవరు, వాళ్లలో ఏం నచ్చింది అని అడిగారు. నాకైతే ముందు, మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన మాండొలిన్ శ్రీనివాస్ గారే. వింటున్నన్నాళ్లూ బాగుందనే అనుకున్నాను. ఎంత గొప్పో మాత్రం ఆ వాయిద్యం చేతిలోకి తీసుకున్నాకే తెలిసింది.

మామూలు మాండొలిన్‌కి ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటగానే టంగుమని మోగి అంతలోనే ఆరిపోతుంది. దాని మీద తోడి రాగం గాంధారం, అంటే సరిగమల్లోని 'గ', పట్టాలని చూశాను. ఆ స్వరం ఒకచోట నిలబడేది కాదు, ఊగాలి. తీగని పక్కకి లాగితే జతలో ఒకటి ఒకలా, రెండోది ఇంకోలా సాగి అపశ్రుతి పలికాయి. వేలి కొసన గాటు పడిందే గానీ గాంధారం రాలేదు. ఆయన జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు ఎందుకు పెట్టుకున్నారో ఆ రోజే అర్థమైంది. పైగా అది ఎలక్ట్రిక్ మాండొలిన్, నాదం ఎక్కువసేపు నిలుస్తుంది. ఒక్క మీటు మీదే వేలు జారుస్తూ గమకం, అంటే స్వరాన్ని ఊపడం, పూర్తి చేయొచ్చు. తర్వాత నేనూ ఒంటి తీగలు వేసి చూశాను. మెట్టు (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దాటిన ప్రతిసారీ ఒక గరుకు వినపడుతూనే ఉంది. ఆయన వాయిస్తుంటే అసలు మెట్లున్న సంగతే గుర్తురాదు.

ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. గురువు పాడేవారు, పిల్లవాడైన శ్రీనివాస్ విన్నది విన్నట్టు తీగ మీద పలికించేవాడు. ఆ వాయిద్యంలో గొంతు వినిపించడానికి కారణం ఇదేనని నా నమ్మకం. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి శ్రీనివాస్ గారికి తొమ్మిదేళ్లు!

బ్యాండ్ అంటే రిమెంబర్ శక్తి. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, జాకీర్ హుస్సేన్ తబలా, సెల్వగణేశ్ కంజీర (చేత్తో పట్టుకుని వాయించే చిన్న డప్పు), శంకర్ మహదేవన్ గాత్రం, వాళ్ల మధ్య శ్రీనివాస్. పక్కవాళ్లు వాయిస్తున్నప్పుడు ఆయన ముఖం చూడండి. తన వంతు ఎప్పుడా అన్న తొందర ఉండదు, చిరునవ్వుతో వింటూ ఉంటారు. నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

2014 సెప్టెంబర్ 19న, 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఇప్పటికీ తట్టుకోలేను.

కొత్తగా వినేవాళ్లకి చాలామంది ఆయన వేగమే చూపిస్తారు. నన్నడిగితే ముందు ఆలాపన వినండి, మృదంగం ఇంకా అందుకోక ముందు, ఒక్కో స్వరం దగ్గర ఆయన ఆగే చోట.