వెల్లుల్లి మడి అప్పుడే తవ్వేయకు

అమ్మలూ,

ఫోటోలు చూశాను. ఆకుల కొసలు పసుపెక్కి, అక్కడక్కడా ఎండిపోయాయి, నిజమే. అంతమాత్రానికే మడంతా తవ్వేస్తానంటావేం? ఒహాయోలో అక్టోబర్‌లో నాటిన వెల్లుల్లికి మార్చిలో ఈ రూపం మామూలే. అసలు చలి సరిగ్గా తగలందే పాయ రెబ్బలుగా విడవదు.

కొసలు వదిలేసి మొవ్వు చూడు. నడిమి నుంచి కొత్త ఆకు పచ్చగా వస్తుంటే మొక్క బతికినట్టే. అనుమానమున్న చోట వేలితో మట్టి పక్కకు తీసి రెబ్బను నొక్కి చూడు. గట్టిగా ఉండి, అడుగున తెల్లటి వేర్లు కనిపిస్తే మళ్లీ కప్పేయ్. మెత్తబడి కుళ్లు వాసన కొడితే చెత్తబుట్టలో పడేయ్. కంపోస్ట్‌లో మాత్రం కలపకు.

నాకు టెన్షన్ పెట్టింది మూడో ఫోటోలో పైకి తేలిన రెబ్బలు. పగలు కరిగి రాత్రి గడ్డకట్టే నేల ఉబ్బుతూ వాటిని బయటికి నెట్టేస్తుంది. అలాగని చేత్తో కిందికి అదిమితే ఉన్న వేర్లు కాస్తా తెగుతాయి. వేరు పట్టు ఉంటే కదపకుండా, పైన రెండంగుళాల మందాన మట్టి, మాగిన కంపోస్ట్ కలిపి కప్పు. పూర్తిగా బయటపడ్డవాటికి చిన్న గుంట తీసి, వేర్లు కిందికి, మొన పైకి ఉండేలా పెట్టు. వాటికి పాయ చిన్నదే వస్తుంది. లేతగా ఉండగానే పీకి ఆకుతో సహా పప్పులో వేసుకున్నా సరే. నాకైతే అదే ఎక్కువ ఇష్టం, మీ పెదనాన్న మాత్రం ఒప్పుకోరు.

పైన పరిచిన గడ్డి తడిసి చాపలా అతుక్కుపోయుంటే విడదీసి మొక్కల మధ్యకు జరుపు. మొత్తం ఎత్తేయకు, ఏప్రిల్‌లోనూ మంచు కురిసే రాత్రులుంటాయి, కలుపూ తగ్గుతుంది.

బురద నేలలో ఎరువు వేస్తే దండగ. కొత్త ఆకు ఊపందుకున్నాక ఫిష్ ఎమల్షన్ (చేపలతో చేసే ద్రవ ఎరువు) నీళ్లలో కలిపి రెండు మూడు వారాలకోసారి పోయ్. మే నెల వచ్చాక ఆపేయ్, ఆ తర్వాత వేస్తే ఆకు పెరుగుతుందే గానీ పాయ ఊరదు. వారానికి అంగుళం వాన పడుతుంటే విడిగా నీళ్లక్కర్లేదు. పసుపు ఆకుల్ని కత్తిరించకు, వాటిలో పచ్చగా మిగిలిన భాగం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

నీది మధ్యలోంచి పూల కాడ వేసే గట్టి కాడ రకమే కదా, జూన్‌లో పూల కాడలు చుట్ట తిరగ్గానే తుంచేయ్, పచ్చడికి బాగుంటాయి. పైకి తేలిన రెబ్బలు ఎన్నో లెక్కపెట్టి ఆదివారం ఫోన్ చెయ్.

మీ పెద్దమ్మ