అన్నీ కలిపితే సున్నా ఎందుకు వస్తోంది?

ప్రశ్న: మాకు అరండల్‌పేటలో చిన్న కర్రీ పాయింట్ ఉందండి. మొన్న ఐదు రోజుల్లో పప్పు ప్యాకెట్లు 42, 38, 51, 35, 44 అమ్ముడయ్యాయి. రోజుకు సగటున ఎంత తేడా వస్తోందో చూడమంటే, ఇంటర్ చదివే మా అబ్బాయి లెక్కేసి సున్నా అన్నాడు. తేడా కళ్లకు కనిపిస్తుంటే సున్నా ఎలా అవుతుంది? వాడికీ అర్థం కాక టెన్షన్ పడుతున్నాడు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, బాబు కూడికలో తప్పేమీ లేదు. మొత్తం 210, ఐదుతో భాగిస్తే సగటు 42. దాన్నుంచి తేడాలు 0, –4, +9, –7, +2. కలిపితే సున్నానే. ఏ అంకెలు తీసుకున్నా ఇంతే, ఎందుకంటే సగటు అంటేనే ఎక్కువ అమ్మిన రోజుల్లోంచి తీసి తక్కువ రోజులకు సర్దితే అన్నిటికీ సమానంగా వచ్చే అంకె కాబట్టి, పైన మిగిలిందీ కింద తగ్గిందీ ఎప్పుడూ సరిపోతాయి.

మీకు కావలసింది ఎటు తేడా అన్నది కాదు, ఎంత తేడా అన్నది. అందుకే మైనస్ గుర్తులు తీసేయాలి: 0, 4, 9, 7, 2. మొత్తం 22, ఐదుతో భాగిస్తే 4.4. దీన్నే మీన్ డీవియేషన్ అంటారు. పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, ఒక తేడా సున్నా ఉంది కదా అని నాలుగుతో భాగించేస్తారు. అలా చేయకూడదు, సరిగ్గా 42 అమ్మిన రోజు కూడా రోజే.

ఇప్పుడు మీ దొండకాయ వేపుడు 40, 43, 42, 44, 41 ప్యాకెట్లు పోయిందనుకోండి. సగటు అదే 42, కానీ మీన్ డీవియేషన్ 1.2 మాత్రమే. అంటే వేపుడు ధైర్యంగా లెక్కపెట్టి వండొచ్చు, పప్పుకే కాస్త చూసుకోవాలి. సగటు ఒక్కటే చూస్తే ఈ సంగతి అసలు తెలియదు, అందుకే నాకు ఈ లెక్కంటే అంత ఇష్టం.

బాబు పుస్తకంలో స్టాండర్డ్ డీవియేషన్ కూడా ఉంటుంది. అందులో గుర్తులు తీసేయడానికి బదులు తేడాలను వర్గం చేసి, సగటు కట్టి, వర్గమూలం తీస్తారు. మీ పప్పుకు అది దాదాపు 5.5 వస్తుంది. వర్గాల మొత్తం 150 అయితే, అందులో 81 ఆ 51 ప్యాకెట్ల రోజుదే, పెద్ద తేడాకు అక్కడ అంత బలం.

ఆ 51 ఏ రోజుదో ఒకసారి చూడండమ్మా. ఆదివారమైతే ఆదివారాల లెక్క విడిగా రాసుకోండి, మిగతా రోజుల్ని దాంతో కలపొద్దు.