ఎంతకీ వదలని ఒత్తిడికి థెరపిస్ట్‌ను ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: చాలాకాలంగా పని ఒత్తిడి వదలట్లేదు, సెలవు పెట్టినా తగ్గట్లేదు, తెల్లవారుజామున మెలకువ వచ్చేసి మళ్ళీ నిద్ర పట్టట్లేదు. "జబ్బు కూడా కాదు కదా, దీనికి థెరపిస్ట్ దాకా వెళ్ళాలా? వెళ్తే ఇంతమందిలో ఎవరు పనికొస్తారో ఎలా తెలుస్తుంది?" అని అడిగారు.

వెళ్ళాలా అంటే, సెలవుతో తగ్గని ఒత్తిడికి వెళ్ళడమే మంచిదని నా అభిప్రాయం. జబ్బు పేరు ఉండి తీరాలని ఏమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో బర్నౌట్‌ను, అంటే వదలని పని ఒత్తిడితో పూర్తిగా అలిసిపోవడాన్ని, చేర్చినప్పుడు కూడా దాన్ని జబ్బు అనలేదు, పనికి సంబంధించిన పరిస్థితి అంది. అయినా దానికోసం థెరపీకి వెళ్ళేవాళ్ళు బోలెడంతమంది. నేనూ ఆ బాపతే.

అయితే ముందు మామూలు డాక్టర్‌కి ఒకసారి చూపించుకోండి. థైరాయిడ్ గ్రంథి మరీ ఎక్కువగా పనిచేసినా గుండెదడ, నిద్రలేమి, చిరాకు ఉంటాయి. రక్తం తక్కువైనా నీరసంగా ఉంటుంది. నా రిపోర్టులన్నీ శుభ్రంగా వచ్చాయి. నిజం చెప్పాలంటే కాస్త నిరాశపడ్డాను, ఏదో ఒక మాత్రతో పోతుందేమోనని లోపల ఆశ ఉండేది మరి.

ఇక ఎవరి దగ్గరికి అన్నది. సైకియాట్రిస్ట్ అంటే వైద్యం చదివిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మనస్తత్వశాస్త్రం చదివి థెరపీ చేస్తారు, చాలాచోట్ల మందులు రాసే అధికారం వాళ్ళకి ఉండదు. కౌన్సెలర్, థెరపిస్ట్ అన్న పేర్లతోనే చిక్కు. చాలాచోట్ల ఆ బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. అందుకని ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు, లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటపడకుండా అడిగేయండి. అడిగినందుకు చిన్నబుచ్చుకున్నారంటే మీ పని తేలికైనట్టే, ఇంకొకరిని చూసుకోవచ్చు.

డిగ్రీలు చూసి వడపోశాక కూడా ఇంకా చాలామంది మిగులుతారు. అక్కడ నాకు పనికొచ్చిన గుర్తు ఒకటే: నా ఒత్తిడి గురించి వాళ్ళు ఎంత చిన్న వివరం దాకా వెళ్ళి అడుగుతున్నారు?

నేను మొదట కలిసినావిడ మంచి మనిషి. ఓపిగ్గా వినేవారు, "అవునండీ, కష్టమే" అనేవారు, ఊపిరి వ్యాయామం ఒకటి నేర్పి పంపేవారు. బయటికి వచ్చాక ఆ సాయంత్రం వరకూ తేలిగ్గా ఉండేది. మర్నాటికి మళ్ళీ మామూలే. తర్వాత దొరికినాయన మొదటి సెషన్‌లోనే "నిన్న ఎన్ని గంటలకి మొదలైంది?" అని అడిగారు. రోజంతా ఉంటుందండీ అన్నాను. "రోజంతా సరే, నిన్న మొట్టమొదట ఎప్పుడు తెలిసింది? ఒంట్లో ఎక్కడ?" చెప్పలేకపోయాను. "ఇప్పుడు మాట్లాడుతూ కూడా పళ్ళు బిగపడుతున్నారు, గమనించారా?" అన్నారు. అప్పటిదాకా నాకు ఆ సంగతే తెలీదు.

ఆయన ఇచ్చిన ఇంటిపని మూడు గళ్ళ కాగితం: సమయం, ఏం జరిగింది, అప్పుడు మనసులో వచ్చిన మాట. కొన్నాళ్ళు రాశాక చూస్తే, నేను తిట్టుకునే మీటింగుల దగ్గర పెద్దగా ఏమీ లేదు. పొద్దున్నే మెయిల్ తెరవడానికి ముందు పది నిమిషాల దగ్గరే అంతా పోగుపడి ఉంది. ఎదురుగా మూడో గడిలో ఒకే మాట మళ్ళీ మళ్ళీ: "ఆలస్యం చేస్తే చేతకానివాడిననుకుంటారు." తర్వాతి పని, అర్జెంటు కాని మెయిళ్ళకి కావాలని రెండు గంటలు ఆలస్యంగా జవాబిచ్చి ఏమవుతుందో రాసుకురావడం. ఏమీ కాలేదు. చాలా మెయిళ్ళ విషయంలో ఎవరూ గమనించను కూడా లేదు, అది కాస్త మనసుకి కష్టంగానే అనిపించింది లెండి.

ఇలా ఆలోచనల్నీ చేతల్నీ గమనించి మార్చుకునే పద్ధతినే సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటారు. 1960లలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ రూపుదిద్దిన పద్ధతి. ఒత్తిడికి ఇదొక్కటే దారని కాదు. 1979లో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ, ఎంబీఎస్ఆర్, కొందరికి బాగా నప్పుతుంది. నాకు కూర్చుని ఊపిరి గమనించడం కన్నా రాసుకోవడమే నచ్చింది, అంతే. అదే 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే సైకాలజిస్ట్ చెప్పింది ఎంపికకి ఇంకా బాగా ఉపయోగపడుతుంది. ఏ పద్ధతైనా సరే, ఇద్దరికీ మూడు కుదరాలన్నాడు: ఎక్కడికి చేరాలో ఒప్పందం, అందుకు ఏం చేయాలో ఒప్పందం, ఒకరిమీద ఒకరికి నమ్మకం. నా మొదటి థెరపిస్ట్ దగ్గర మూడోది పుష్కలంగా ఉండేది, మొదటి రెండూ మా మధ్య మాటకే రాలేదు.

మూడు నాలుగు సెషన్లయ్యాక "మనం దేనికోసం పనిచేస్తున్నాం?" అని మీరే అడిగి చూడండి. సూటిగా జవాబు రాకపోతే మార్చేయొచ్చు. "నాకు ఇది నప్పట్లేదండీ, వేరేవాళ్ళ పేరు చెప్తారా?" అంటే చాలు, వాళ్ళకి ఇది కొత్తేమీ కాదు.

తగ్గుతోందా లేదా తెలియడానికి 1983లో షెల్డన్ కోహెన్ అనే సైకాలజిస్ట్ బృందం తెచ్చిన పీఎస్ఎస్, అంటే మనకి ఒత్తిడి ఎంతగా అనిపిస్తోందో కొలిచే ప్రశ్నావళి, పనికొస్తుంది. ఎక్కువగా వాడే రూపంలో 10 ప్రశ్నలు, గత నెల గురించి, మొత్తం 40 మార్కులకి. రోగనిర్ధారణకి పనికిరాదు కానీ మొదలుపెట్టేముందు ఒకసారి, కొన్ని నెలల తర్వాత ఒకసారి నింపి పోల్చుకోవచ్చు. ఎందుకంటే మెల్లగా తగ్గేది మనకి తగ్గినట్టే అనిపించదు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. బతకాలని లేదు అన్న ఆలోచనలు వస్తుంటే ఈ ఎంపికలూ పోలికలూ పక్కన పెట్టి, ఇవాళే ఆసుపత్రికి వెళ్ళండి, లేదా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.

అలాంటిదేమీ లేకపోతే, ఇద్దరు ముగ్గురికి ఒకే మెసేజ్ పంపండి: "నాకు చాలాకాలంగా పని ఒత్తిడి. నిద్ర చెడింది. మీరు ఇలాంటివాళ్ళతో ఏ పద్ధతిలో పనిచేస్తారు? సెషన్ల మధ్య నేను చేయాల్సింది ఏమైనా ఉంటుందా? నాకు కుదురుతోందో లేదో ఎప్పటికి తెలుస్తుంది?" జవాబులు పక్కపక్కన పెట్టుకుని చదివితే తేడా మీకే కనబడుతుంది. ఎవరైనా తిరిగి మిమ్మల్నే ఒక ప్రశ్న అడిగితే, నేనైతే ముందు వాళ్ళ దగ్గరే అపాయింట్‌మెంట్ తీసుకుంటాను.