సంగీతపు ఫౌంటెన్ కట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాటకు తగినట్టు ఎగసే చిన్న ఫౌంటెన్‌ను డాబా మీద కట్టబోతున్నావని మీ అమ్మ చెప్పగా విని ఎంతో సంతోషించాను. అయితే అటక మీది పాత కూలర్ మోటారును వాడాలన్న ఆలోచనను మాత్రం వెంటనే మానుకో. అది 230 వోల్టులతో నడిచేది. తడి చేతులతో ప్రయోగాలు చేసే చోట దానికి తావు లేదు. 12 వోల్టుల అడాప్టరుతో, నీటిలో మునిగి పనిచేసే చిన్న డీసీ పంపులు మూడు కొనుక్కో. వాటిలోనూ బ్రష్ మోటారు ఉన్నవే ఎంచుకో. బ్రష్‌లెస్ పంపుల లోపల సొంత సర్క్యూటు ఉంటుంది కనుక, వేగాన్ని మార్చే సంకేతానికి అవి సరిగా లొంగకపోవచ్చు.

పంపులను నడిపే ప్రోగ్రాము ఉండే చిన్న బోర్డు ఆర్డుయినో. పంపును దానికి నేరుగా కలపకు. ఊనో అనే రకం ఆర్డుయినో బోర్డులో ఒక్కో పిన్ను 40 మిల్లీ ఆంపియర్లకు మించి తట్టుకోలేదు, పంపుకు అంతకు ఎన్నో రెట్లు కావాలి. అందుచేత ఒక్కో పంపుకు ఒక మాస్‌ఫెట్, అంటే బోర్డు ఇచ్చే చిన్న సంకేతంతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చు, పెట్టాలి. దుకాణంలో ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ ఇస్తే తీసుకోకు, అది 5 వోల్టులకు పూర్తిగా తెరుచుకోదు. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ అని అడుగు. పంపు ఆగిన క్షణంలో పుట్టే ఎదురు వోల్టేజీ మాస్‌ఫెట్‌ను కాల్చేయకుండా పంపు రెండు తీగల మధ్య, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్‌ను ఒకదాన్ని, గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండేలా వెయ్యి. బోర్డు గ్రౌండును, అడాప్టరు గ్రౌండును కలపడం మరవకు.

ఇక పాటను విడదీయడానికి ఎంఎస్‌జీఈక్యూ7 అనే చిప్పు చాలు. అది 63 నుంచి 16,000 హెర్ట్జ్ వరకు ఏడు శ్రుతి భాగాల బలాన్ని బోర్డుకు వేరువేరుగా చెబుతుంది. మృదంగం తొప్పి వైపు మోత పలికే కింది భాగాన్ని మధ్య ధారకు, గాత్రాన్ని పక్క ధారలకు అప్పగించు.

ఇంతవరకు చాలామంది సవ్యంగానే చేస్తారు. అయినా ఫౌంటెన్ పాట వెనకాల పరుగెత్తుతున్నట్టే కనిపిస్తుంది, దానికి కారణం ప్రోగ్రాము కాదు, భూమ్యాకర్షణ. 45 సెంటీమీటర్ల ఎత్తుకు ఎగరాలంటే నీరు సెకనుకు 3 మీటర్ల వేగంతో బయలుదేరాలి, శిఖరం చేరేసరికి 0.3 సెకను గడిచిపోతుంది. పంపు వేగం అందుకునే సమయం దీనికి అదనం. ఆగిన పంపు మరీ ఆలస్యంగా కదులుతుంది కనుక, పాటలో నిశ్శబ్దం వచ్చినా నీరు కొద్దిగా ఉబుకుతూ ఉండేలా కనిష్ఠ వేగాన్ని నిలిపి ఉంచు.

మిగిలిన ఆలస్యాన్ని నీటిలో తగ్గించలేవు, శబ్దంలో కలపాలి. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాటను స్టీరియో ఫైలుగా చేసి, ఎడమ చానల్‌లో ఉన్నది ఉన్నట్టు ఉంచి, కుడి చానల్‌లో అదే పాట 0.3 సెకను ఆలస్యంగా మొదలయ్యేలా జరుపు. ఎడమ చానల్ చిప్పుకు, కుడి చానల్ స్పీకరుకు వెళ్లాలి. అప్పుడు నీరు ముందే బయలుదేరి, దెబ్బ వినిపించే వేళకు శిఖరాన ఉంటుంది. కచ్చితమైన విలువ కోసం, సంకేతం రాగానే వెలిగే ఒక ఎల్‌ఈడీని ధార పక్కన పెట్టి, ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీసి, వెలుగుకూ శిఖరానికీ మధ్య ఫ్రేములు లెక్కించు. 72 వస్తే 0.3 సెకను.

మొదట విలంబ కాలపు కీర్తనతో ప్రయత్నించు. తొట్టి వ్యాసార్థం ధార ఎత్తుకు తగ్గకుండా చూసుకో, లేకపోతే గాలికి సగం నీళ్లు డాబా పాలవుతాయి. నీ లెక్కలో ఎన్ని ఫ్రేములు వచ్చాయో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మామయ్య