గుర్రం కంటే ముందు లాయం చూడు

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

మీ పాపకు, అంటే నా మనవరాలికి, గుర్రం కొనాలనుకుంటున్నామని, మలక్‌పేట రేసుల నుంచి తప్పించిన గుర్రం ఒకటి చాలా చవకగా వస్తోందని రాశావు. కొనేముందే అడిగావు, సంతోషం. పశువైద్యుడిగా ఉద్యోగం చేసినన్నాళ్లూ, రిటైరయ్యాక మొయినాబాద్ వైపు లాయాలకు వెళ్లివస్తున్న ఈ రోజుల్లోనూ నేను చూస్తున్నది ఒకటే. అందరూ ముందు గుర్రాన్ని కొనేస్తారు, ఎక్కడ ఉంచాలో తర్వాత వెతుక్కుంటారు. నువ్వు ముందు లాయం వెతుకు, సైసు, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, ఎలాంటివాడో చూసుకో. గుర్రం సంగతి ఆ తర్వాత. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నారు పెద్దలు. లక్షలు పోసి కొన్నా, ఎవరైనా ఊరికే ఇచ్చినా మేత, దాణా, సైసు జీతం, లాడాలు, డాక్టరు ఖర్చు నెలనెలా అంతే ఉంటుంది. బాగా చూసుకుంటే గుర్రం 25 ఏళ్లు దాటి బతుకుతుంది. పాప చదువుకని రేపు ఊరు దాటి వెళ్తే దాని భారమంతా మీ ఇద్దరి మీదే పడుతుంది. ఈ మాట అల్లుడు గారితో కూర్చుని మాట్లాడు.

శంకరపల్లి ఫామ్‌హౌస్‌లోనే ఉంచుకుందామని అల్లుడు గారు అంటున్నారట. నాకు ఇష్టం లేదు. గుర్రం మందలో బతికే జంతువు, ఒంటరిగా కట్టేస్తే దిగులు పెట్టుకుంటుంది. తలుపు చెక్క కొరకడం, గాలి మింగడం, నిలబడ్డచోటే అటూ ఇటూ ఊగడం లాంటి అలవాట్లు ఒంటరితనం వల్ల కూడా వస్తాయి. దానికితోడు ఆ తోట చుట్టూ మీరు కంచెలా గన్నేరు పెంచారు. గన్నేరు ఆకులు గుప్పెడు తిన్నా గుర్రం గుండె ఆగిపోతుంది. పచ్చి ఆకే కాదు, ఎండి రాలినదైనా అంతే. తోటమాలి కొమ్మలు కత్తిరించి గడ్డి మోపు పక్కన పడేస్తే చాలు, అనర్థం జరిగిపోతుంది. లాయం ఎక్కడ చూసినా చుట్టూ గన్నేరు ఉందేమో చూడు. ఉంటే అక్కడ గుర్రాన్ని పెట్టొద్దు.

బోర్డింగ్ లాయాలు, అంటే డబ్బు తీసుకుని మన గుర్రాన్ని ఉంచుకుని చూసుకునేవి, చూడటానికి ఆదివారం పొద్దున వెళ్లకు, అప్పుడు అన్నీ కడిగి ముస్తాబు చేసి ఉంచుతారు. మామూలు రోజు, మధ్యాహ్నం రెండింటికి, చెప్పకుండా వెళ్లు. ముందు నీళ్ల బకెట్‌లో చెయ్యి పెట్టు. అడుగున నాచు జారుతుందా, నీళ్లు వేడెక్కి ఉన్నాయా, అసలు బకెట్‌లో నీళ్లున్నాయా? గుర్రం మామూలు రోజుల్లోనే 25 నుంచి 45 లీటర్లు తాగుతుంది. ఎండాకాలంలో, పని చేసినరోజు ఇంకా ఎక్కువే. తర్వాత గదిలోకి వంగి, గడ్డి పరిచిన చోట వాసన చూడు. కళ్లు మండేంత ఘాటుగా ఉంటే ఆ మూత్రపు ఆవిరి రాత్రంతా గుర్రం ఊపిరితిత్తుల్లోకి పోతోందన్నమాట. గది కనీసం 12 అడుగులకు 12 అడుగులు ఉండాలి. రోజూ కొన్ని గంటలు ఆరుబయట, తోటి గుర్రాలతో తిరగనిచ్చే చోటే చూడు. సైసుకు ఎన్ని గుర్రాలు అప్పగించారో కూడా అడుగు. మూడు దాటితే ఎంత మంచివాడైనా చూడలేడు. అతను గది దగ్గరికి వెళ్లగానే గుర్రాలు చెవులు ముందుకు పెట్టి వస్తున్నాయా, వెనక్కి నొక్కి మూలకు పోతున్నాయా చూడు. నేనైతే యజమాని మాటకంటే దాన్నే ఎక్కువ నమ్ముతాను.

మేత విషయంలో మన దగ్గర పెద్ద పొరపాట్లు జరుగుతున్నాయి. గేదెలకు మంచిదైతే గుర్రానికీ మంచిదే అనుకుంటారు. సూపర్ నేపియర్ గడ్డి ఇప్పుడు ప్రతి డెయిరీలోనూ ఉంది. గేదెకు బాగానే ఉంటుంది. అందులోని ఆక్సలేట్లు మాత్రం గుర్రం ఒంటికి కాల్షియం అందనివ్వవు. నెలల తరబడి అదే మేపితే ఎముకలు గుల్లబారి, ముఖం ఎముకలు ఉబ్బి, కాళ్లు కుంటుతాయి. గోధుమ పొట్టు ఎక్కువగా పెట్టినా అదే తంతు. పచ్చజొన్న మేతైతే మూత్రాశయాన్ని పాడుచేస్తుంది, మూత్రం చుక్కచుక్కగా కారుతూ వెనకకాళ్లు తూలిపోతాయి. వరిగడ్డిలో బలం లేదు. గరిక గడ్డి, ఎండబెట్టిన ఓట్స్ గడ్డి, కొంచెం లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం) ఉంటే చాలు. 450 కిలోల గుర్రానికి రోజుకు 9 కిలోల దాకా ఎండుమేత కావాలి. దాణా దాని తర్వాతే. ఉడికించిన ఉలవలు మన పాత అలవాటు, మంచిదే, కానీ కొద్దికొద్దిగా పెట్టాలి. ఏ దాణా అయినా ఒక పూటకు రెండు కిలోలు దాటొద్దు.

ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను. కోళ్ల దాణా, పశువుల దాణా బస్తాలు గుర్రాల దాణా గదిలో ఉండకూడదు. కోళ్లకు కలిపే మోనెన్సిన్ లాంటి మందు గుర్రానికి కొద్దిపాటి మోతాదులోనే ప్రాణాంతకం. మొయినాబాద్, చేవెళ్ల దారిలో కోళ్లఫారాలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ మాట లాయం వాళ్లను నేరుగా అడుగు.

ఒప్పందం కాగితం మీద రాయించుకో. మేత ఎంత, ఏది అన్నది ఉండాలి. మీరు ఫోన్ ఎత్తకపోతే డాక్టర్ని పిలిచే అధికారం ఎవరిదో ఉండాలి. మీ గుర్రాన్ని రైడింగ్ పాఠాలకు వాడకూడదని, పెళ్లి బరాత్‌కు పంపకూడదని స్పష్టంగా ఉండాలి. ఇలాంటి కాగితం లేక, తమ గుర్రం రాత్రంతా బ్యాండు మోతల మధ్య తిరిగొచ్చిందని తెలిసి ఏడ్చినవాళ్లున్నారు.

ఇక గుర్రం. ఆ రేసు గుర్రం వద్దు. నాలుగైదేళ్ల థరోబ్రెడ్ (రేసుల కోసం పెంచే జాతి), పరిగెత్తడం తప్ప మరేమీ నేర్పనిది, నేర్చుకునే పాపకు సరిపడదు. వాటి మీద నాకు చాలా ప్రేమ ఉంది. రెండేళ్ల వయసు నుంచే పరిగెత్తి అలిసిన ప్రాణులవి, మంచి ఇల్లు దొరకాలి. కానీ ట్రాక్ నుంచి వచ్చిన గుర్రానికి కొన్ని నెలల విశ్రాంతి, తర్వాత అనుభవం ఉన్న రైడర్ చేతిలో శిక్షణ కావాలి. పాపకు కావలసింది 9 నుంచి 12 ఏళ్ల గెల్డింగ్, అంటే వృషణాలు తీయించిన మగగుర్రం. అలా తీయించని మగగుర్రాన్ని మాత్రం ఎంత సాధువని చెప్పినా తీసుకోకు. మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా, రాజస్థాన్‌లోని పుష్కర్ సంతల్లో దొరికే మార్వాడీ గుర్రాలు అందంగా ఉంటాయి, చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకేలా ఉంటాయి. చూస్తే మనసు పోతుంది. అంతదూరం లారీలో తెచ్చే ముందు నెమ్మదిగా ఆలోచించు.

ఏ గుర్రాన్ని చూసినా ముందుగా జీను వేసి ఉంచొద్దని చెప్పు. పొద్దున్నే పరిగెత్తించి అలిసిపోయిన గుర్రాన్ని చూపించి బుద్ధిమంతుడని నమ్మిస్తారు. గట్టి నేల మీద ట్రాట్‌లో, అంటే మామూలు నడకకూ పరుగుకూ మధ్య వేగంలో, నడిపించమను. ముందుకాలు నొప్పి ఉంటే ఆ కాలు నేలను తాకినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు పడినప్పుడు కిందికి వంగుతుంది. మోకాలి కింద వెనకభాగంలో ఉండే టెండన్‌ను (కండను ఎముకకు కలిపే తాడులాంటిది) రెండు వేళ్లతో పైనుంచి కిందికి తడిమి చూడు. అది తాడులా బిగుతుగా, ఒకే మందంతో ఉండాలి. ఎక్కడైనా ఉబ్బో, వేడో తగిలితే అది రేసుల్లో దెబ్బతిన్న కాలు కావచ్చు. నొప్పిమందు ఇచ్చి నిలబెట్టే అమ్మకందార్లూ ఉన్నారు, అందుకే రక్తపరీక్ష చేయించు, వారం తర్వాత చెప్పకుండా ఇంకోసారి వెళ్లు. వయసు నోట్లో తెలుస్తుంది. పై వరసలో చివరి కొరుకుడు పంటి మీద గాడి పదో ఏట మొదలై, 15 ఏళ్లకు సగం దాకా దిగుతుంది. ఉజ్జాయింపు లెక్కే, అయినా పదేళ్లని చెప్పి పదిహేనేళ్లది అంటగట్టకుండా కాపాడుతుంది. థరోబ్రెడ్ అయితే పాస్‌పోర్టు, మైక్రోచిప్ నంబరు కలవాలి.

గ్లాండర్స్ పరీక్ష కాగితం లేకుండా డబ్బు చేతికివ్వకు. అది మనుషులకూ సోకే జబ్బు. పాజిటివ్ వస్తే 2009 నాటి చట్టం ప్రకారం గుర్రాన్ని చంపేయాల్సిందే. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దీనికి పెద్ద దిక్కు. మంచి లాయం కొత్త గుర్రాన్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచుతుంది. విడిగా ఉంచడమెందుకు అనే లాయంలో మీ గుర్రమూ ఉండకూడదు. 2008లో జమ్ము దగ్గర కాట్రాలో మొదలైన గుర్రాల ఫ్లూ ఎన్ని రాష్ట్రాలకు పాకిందో చూసినవాణ్ణి.

ధనుర్వాతం టీకా ఏటా వేయించు. గుర్రానికి అదంటే మిగతా పశువులకంటే ఎక్కువ భయం. గేదెల కొట్టాలు దగ్గరుంటే జోరీగల వల్ల సర్రా అనే రక్తంలోని పరాన్నజీవి జబ్బు వస్తుంది. జ్వరం వచ్చి పోతూ, కాళ్లు, పొట్ట కింద నీరు దిగి, గుర్రం చిక్కిపోతుంటే రక్తం స్లయిడ్ చూడమని డాక్టర్ని అడుగు. నట్టల మందు పేడ పరీక్ష చేయించాకే, బరువుకు తగ్గట్టు వేయాలి. కాటా లేకపోతే టేపు చాలు. ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో వర్గం చేసి, ఒంటి పొడవుతో గుణించి, 11,880తో భాగించు, కిలోల్లో బరువు వస్తుంది. డెక్కలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి. వానాకాలంలో డెక్క అడుగున నల్లగా, కుళ్లు వాసన వస్తే తేమలో నిలబెడుతున్నారని అర్థం.

అన్నింటికంటే నన్ను భయపెట్టేది కడుపునొప్పి, లాయంలో కోలిక్ అంటారు. గుర్రం కక్కుకోలేదు, లోపల గ్యాస్ పేరుకున్నా, పేగు మెలిపడినా బయటికి దారి లేదు. ముందుకాలితో నేల గీరుతుంది, తల తిప్పి పక్కటెముకల వైపు చూసుకుంటుంది, పడుకుంటుంది, లేస్తుంది, దొర్లుతుంది, చెమట పడుతుంది. అప్పుడు మేత తీసేయండి, డాక్టరుకు ఫోన్ చేయండి. దవడ కింద నాడి పట్టుకుని చూడు, నిమిషానికి 28 నుంచి 44 ఉండాలి. 60 దాటితే ఆలస్యం వద్దు. చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయా చూడు, పొట్ట పక్కన చెవి ఆనించి గుడగుడ వినిపిస్తోందో లేదో విను. ఇవన్నీ ఫోన్‌లో డాక్టరుకు చెప్పు. వెదురుగొట్టంతో నోట్లో నూనె పోయడానికి ఎవరు ముందుకొచ్చినా ఆపు. అది ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయిన గుర్రాలను నేను చూశాను. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ మీకు దూరం కాదు, ఆ నంబరు లాయం గోడ మీదా, మీ ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.

వెంటనే కొనాలన్న టెన్షన్ పెట్టుకోకు. ముందు ఆరు నెలలు మంచి లాయంలో ఒక గుర్రాన్ని వారంలో సగం రోజులు మనకు వచ్చేలా లీజుకు తీసుకోండి. ఏప్రిల్, మే ఎండలు దాటాక కూడా పాప ఉదయం ఐదింటికి లేచి వెళ్తోందంటే, అప్పుడు కొనడానికి నేనే వెంట వస్తాను. వచ్చే నెల మొదటి వారం నాకు ఖాళీ. మీరు అనుకుంటున్న రెండు మూడు లాయాల పేర్లు పంపు, కలిసి చూద్దాం. పాపనూ తీసుకురా, గుర్రం ఎక్కేముందు డెక్క ఎత్తి పట్టుకుని శుభ్రం చేయడం నేర్పిస్తాను.

మీ
పెదనాన్న