పాత రాక్ ఆల్బమ్ వినైల్ (ముల్లుతో తిరిగే ప్లాస్టిక్ రికార్డు) మీద వింటే నిజంగా తేడా ఉంటుందా?

ఉంటుంది, కానీ అందరూ చెప్పే తేడా కాదు. నేను చెప్పేది ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 1975 నాటి ఆల్బమ్ 'విష్ యు వర్ హియర్' గురించి. ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు నాకది ఐదు ఎంపీ3ల ఫోల్డర్. టైటిల్ పాటే మళ్లీ మళ్లీ పెట్టుకునేవాణ్ణి. 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్'లో గొంతు వినపడటానికే ఎనిమిది నిమిషాలు దాటుతుంది, అంత ఓపిక ఎవరికుంటుంది?

రికార్డు కొన్నాక అలా దాటేయడం కుదరలేదు. ముల్లు ఎత్తి ముందుకు పెట్టొచ్చు గానీ గీత పడుతుందేమోనని టెన్షన్. దాంతో కూర్చుని మొత్తం విన్నాను. 'షైన్ ఆన్'లో బ్యాండ్ గిటారిస్ట్ గిల్మర్ వాయించే ఆ నాలుగు స్వరాలు, మధ్యలో అంత ఖాళీ. ఆ పాట బ్యాండ్ మొదలుపెట్టినవాళ్లలో ఒకడై, 1968లో దానికి దూరమైన సిడ్ బారెట్ గురించి. దీని రికార్డింగ్ జరుగుతుంటే అతను అబీ రోడ్ స్టూడియోకి వచ్చాడు. లావెక్కి, గుండుతో, కనుబొమ్మలు కూడా గొరిగేసుకుని ఉన్నాడట. పాత స్నేహితులే వెంటనే పోల్చుకోలేదు.

'షైన్ ఆన్'ని రెండుగా చేసి, ఒక సగంతో ఆల్బమ్ మొదలుపెట్టి రెండో సగంతో ముగించారు. ఫోన్‌లో అది ఒకటో ట్రాక్, ఐదో ట్రాక్, అంతే. రికార్డులో అయితే మొదటి వైపు పార్టీ గోలతో అయిపోతుంది. లేచి తిప్పితే 'హ్యావ్ ఎ సిగార్', రికార్డు కంపెనీ పెద్దమనుషుల మీద వెటకారం. (పాడింది బ్యాండ్ వాళ్లు కాదు, బయటి గాయకుడు రాయ్ హార్పర్.) దాని చివర్లో సంగీతమంతా ఉన్నట్టుండి చిన్న రేడియోలోకి వెళ్లిపోతుంది, స్టేషన్లు మారతాయి, టైటిల్ పాట గిటార్ ఆ రేడియోలోంచే మొదలవుతుంది. ఇన్నేళ్లూ ఆ పాటని విడిగా వింటూ ఆ రేడియో ఎక్కణ్ణుంచి వచ్చిందో పట్టించుకోలేదు!

ఇక 'వినైల్ సౌండే వేరు' అనే మాటని నేను పెద్దగా నమ్మను. శుభ్రంగా వినపడటమే కావాలంటే మంచి సీడీ చాలు. సెకండ్ హ్యాండ్ కాపీ కొంటుంటే షాపులోనే మొదటి రెండు నిమిషాలు వేయించుకోండి. అక్కడ సంగీతం చాలా మెల్లగా ఉంటుంది కాబట్టి అరిగిన రికార్డైతే చిటపటలు ఇట్టే తెలిసిపోతాయి.